ఆగితే ఎవరైనా ఏదైనా అడుగుతారని: ఒక ఇంగ్లీషు టీచర్ కేసు

బడి నుంచి నాకు వచ్చిన మెసేజ్‌లో ఉన్నవి రెండే ముక్కలు. ఎనిమిదో తరగతి బి సెక్షన్ ఇంగ్లీషు మేడమ్‌కి క్లాస్ కంట్రోల్ లేదు. డిసెంబరు లోపల మార్పు కనిపించకపోతే వేరే టీచర్‌ని చూసుకుంటాం.

అప్పటికి ఆగస్టు. బెంగళూరులో చిన్న ప్రైవేటు బడుల ఇంగ్లీషు టీచర్లకు నేను మెంటర్‌గా పనిచేస్తుంటాను. వారానికోసారి వెళ్లి వెనక బెంచీలో కూర్చుని క్లాసు చూడటం, తర్వాత టీచర్‌తో మాట్లాడటం నా పని. ఇలాంటి మెసేజ్‌లు ఏడాదికి నాలుగైదు వస్తాయి. వాటిలో ఈ ఒక్క కేసు రాయడానికి కారణముంది. మొదటి రెండు నెలలు నేను తప్పు చోట వెతికాను. నేను చెప్పినవన్నీ శిక్షణల్లో అందరం చెప్పేవే. ఆ టీచర్ వాటిని మనసు పెట్టి చేసింది. అయినా ఫలితం లేదు. ఎందుకు లేదో వెతుక్కుంటూ పోతేనే ఆమె అసలు ఇబ్బంది బయటపడింది.

ఆమెను ఇక్కడ రమ అంటాను. అది ఆమె పేరు కాదు. ఊరు, వయసు, బడి ఆనవాళ్లు మార్చాను. రాసింది ఆమెకు పంపితే చదివి, రెండు విషయాలు తీసేయమంది. తీసేశాను.

నేపథ్యం

బడి తూర్పు బెంగళూరులో ఉంది. చుట్టూ పెద్ద అపార్ట్‌మెంట్లు, వాటి వెనక సందుల్లో రేకుల షెడ్లు, ఒంటిగది అద్దె ఇళ్లు. పిల్లల తల్లిదండ్రులు కట్టడం పనివాళ్లు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, హౌస్‌కీపింగ్‌లో చేసేవాళ్లు. బి సెక్షన్‌లో 46 మంది. అందులో సగం మంది ఇళ్లలో తెలుగు. కుప్పం, మదనపల్లె, కదిరి, అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. మిగతావాళ్లకు కన్నడ, తమిళం, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇద్దరికి ఒడియా. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. ఈ గదిలో 30 మంది కూర్చుంటేనే ఇరుకు. బెంచీకి నలుగురు. వెనక వరసకి వెళ్లాలంటే టీచర్ అడ్డంగా తిరిగి నడవాలి. అందుకే రమ ఎప్పుడూ వెనక వరసకి వెళ్లేది కాదు. ఈ చిన్న విషయం నేను నెల రోజుల తర్వాత గానీ గమనించలేదు.

రమది చిత్తూరు వైపు పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత డిగ్రీ, బి.ఎడ్. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చింది. ముందు బడిలో సోషల్ చెప్పేది. ఈ బడిలో ఇంగ్లీషు టీచర్ మధ్యలో మానేస్తే, ఆ సబ్జెక్టు ఈమెకిచ్చారు. బి.ఎడ్.లో మైక్రో టీచింగ్ చేసింది, అంటే కొద్ది నిమిషాల చిన్న పాఠం చెప్పి సాధన చేయడం. అక్కడ ఎదురుగా కూర్చునేది తోటి విద్యార్థులే. అడిగిన దానికి బుద్ధిగా జవాబు చెబుతారు, అల్లరి చేయరు. 46 మంది ఉన్న గదికి అది ఏ రకంగానూ సిద్ధం చేయదు. ప్రభుత్వ బడి టీచర్లకైతే జ్ఞానభారతి క్యాంపస్‌లోని దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థలో శిక్షణలు ఉన్నాయి. రమ లాంటి టీచర్‌కి సెలవిచ్చి ఎవరూ శిక్షణకి పంపరు. ఉద్యోగం చేస్తూనే నేర్చుకోవాలి, అదీ పిల్లల ఎదుటే.

ఆమె చెప్పిన సమస్య

మొదటి రోజు స్టాఫ్ రూములో ఆమె గొంతు సగం పోయి ఉంది. ఫ్లాస్కులో వేడినీళ్లు, పక్కన లవంగాల డబ్బా. "పిల్లోళ్లు నన్ను లెక్కజేయరు మేడమ్" అంది. ఆదివారం సాయంత్రం దీపం పెట్టే వేళ నుంచే కడుపులో దేవుతుందని, సోమవారం రెండో పీరియడ్ బి సెక్షన్ అని చెప్పింది. మిగతా క్లాసుల్లో ఇంత టెన్షన్ ఉండదట. ఆరో తరగతి పిల్లలంటే ఆమెకు ఇష్టం. వాళ్లకీ ఆమె అంటే ఇష్టమే.

అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది. ఒకే టీచర్, ఒకే బడి, ఆరో తరగతిలో లేని గోల ఎనిమిదో తరగతిలో ఎందుకుంది? పెద్ద పిల్లలు కదా, ఆ వయసు అంతే అనుకుని దాటేశాను.

ఆ రోజు చూసిన క్లాసు నా నోట్స్‌లో ఇలా ఉంది: నాలుగో నిమిషం నుంచి గోల. పదో నిమిషానికి టీచర్ టేబుల్ మీద డస్టర్‌తో కొట్టింది. అర నిమిషం నిశ్శబ్దం, మళ్లీ గోల. ఇద్దరిని బయట నిలబెట్టింది. 40 నిమిషాల్లో పాఠం ఒక పేరా ముందుకి వెళ్లింది. నా కళ్లకు ఇదంతా క్రమశిక్షణ సమస్యగానే కనిపించింది.

మొదట చేసినవి, ఎందుకు నిలవలేదు

కూర్చునే చోట్లు మార్చాం. పిల్లలతోనే నియమాలు రాయించి చార్టు కట్టించాం. చెయ్యెత్తితే అందరూ ఆగాలని సైగ పెట్టాం. వరసలకు పాయింట్లు ఇచ్చాం. ముందు గది అదుపులోకి వస్తే పాఠం సంగతి తర్వాత చూసుకోవచ్చని నా లెక్క.

తొమ్మిది రోజులు బాగా నడిచింది. పదో రోజు నుంచి పాయింట్లే కొత్త గొడవ. "మిస్, వాళ్లకి రెండిచ్చారు, మాకు ఒకటే." రమ ఇప్పుడు పాఠంతో పాటు పాయింట్ల లెక్క కూడా మోయాల్సి వచ్చింది. చెయ్యెత్తి నిలబడితే ముందు మూడు బెంచీలు ఆగేవి, వెనకవాళ్లకి ఆమె చెయ్యి కనిపించేది కాదు. మూడో వారానికి ఆ చార్టు ఒక మూల ఊడి వేలాడుతోంది. ఎవరూ దాన్ని అతికించలేదు.

జేకబ్ కౌనిన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970లో చెప్పిన మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. క్లాసు బాగా నడిపే టీచర్లకూ నడపలేనివాళ్లకూ మధ్య తేడా, అల్లరి జరిగాక ఏం చేస్తారన్న దాంట్లో కనిపించలేదు. అసలు అల్లరికి సందు లేకుండా పాఠాన్ని ఎలా నడుపుతున్నారన్న దాంట్లో ఉంది. ఇది నేను టీచర్లకు ఎన్నోసార్లు చెప్పాను. అదే నేను రమ దగ్గర మర్చిపోయాను. పిల్లలను ఊరకే కూర్చోమని నియమాలు పెట్టాం గానీ, కూర్చుని చేయడానికి వాళ్లకి పనేమీ ఇవ్వలేదు.

రెండో ప్రయత్నం రమ అడిగినదే. స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరతానంది. నాకు సందేహంగానే ఉంది. కానీ తనకు ఏం కావాలో తనే అడుగుతున్నప్పుడు కాదనడం సరికాదనిపించింది. ఆరు వారాలు రాత్రి ఎనిమిదిన్నరకు ఆన్‌లైన్‌లో కూర్చుంది. ఆమె ఇంగ్లీషు కొంచెం మెరుగుపడింది. క్లాసు ఇంకా చెడిపోయింది. కోర్సు వల్ల ఆమె చెవికి తన తప్పులు ఎక్కువగా వినిపించడం మొదలైంది. సగం వాక్యంలో ఆగి సరిదిద్దుకునేది, ఆ సరిదిద్దినది కప్పిపుచ్చడానికి ఇంకా వేగం పెంచేది.

స్కేలు దెబ్బ

ఈ మధ్యలోనే ఒక మధ్యాహ్నం ఆమె ఒక అబ్బాయిని అరచేతి మీద స్కేలుతో కొట్టింది. రెండు దెబ్బలు. సాయంత్రం తనే నాకు ఫోన్ చేసి చెప్పింది.

నేను ఏ టీచర్‌తో పని మొదలుపెట్టినా ముందే ఒక మాట చెబుతాను: మీరు నాతో చెప్పుకున్నది నా దగ్గరే ఉంటుంది, పిల్లలను కొట్టడం తప్ప. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. అది దాచిపెట్టే హక్కు నాకు లేదు. కానీ నేను వెళ్లి ప్రిన్సిపాల్‌కి చెబితే రమ నన్ను ఇక నమ్మదు. నమ్మకం పోతే సాయం చేయడం కుదరదు. రాత్రంతా ఆలోచించి, రేపు మధ్యాహ్నం లోపల నువ్వే చెప్పు, చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది అన్నాను. ఆమె పొద్దున్నే చెప్పింది. మెమో ఇచ్చారు. అబ్బాయి వాళ్లమ్మను పిలిపించారు.

ఆవిడ అపార్ట్‌మెంటులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. డ్యూటీ సాయంత్రం ఏడు దాకా. ఒక గంట పర్మిషన్ అడుక్కుని, యూనిఫామ్ మీదే వచ్చింది. రమ క్షమాపణ చెప్పబోతే ఆవిడ చేతులు అడ్డం పెట్టింది. "అట్లనద్దు మేడమ్. మాట వినకుంటే కొట్టండి. చదువు రాకుంటే నా మాదిరే అయిపోతాడు."

ఆవిడ వెళ్లాక రమ చాలాసేపు ఏడ్చింది. నేను ఆపలేదు. తల్లి ఒప్పుకున్నంత మాత్రాన కొట్టడం సరి అవదని ఆమెకు చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆమె ఏడుపులోనే అది ఉంది. తర్వాత అడిగాను, కొట్టే ముందు ఏం జరిగింది అని. వాడు నవ్వాడు అంది. దేనికి నవ్వాడో తెలుసా అంటే, తెలియదంది. "నన్ను జూసే నవ్వినాడనుకున్నా."

ఆ మాట నాకు మొదటి ఆధారం. నవ్వు ఎక్కడ వినిపించినా అది తన మీదేనని ఆమె అనుకుంటోంది. ఎప్పటి నుంచి?

పది నిమిషాల రికార్డింగ్

అడిగితే సూటిగా చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. "నీకు భయంగా ఉంది" అని ఎదుటివాళ్ల మొహం మీద అంటే వాళ్లు కాదనడానికే చూస్తారు. అందుకని ఇంకో దారి పట్టాను. ఒక పీరియడ్‌లో పది నిమిషాలు ఫోన్ టేబుల్ మీద పెట్టి తన మాటే రికార్డు చేసుకోమన్నాను. ముందు తనొక్కతే వినాలి, ఇష్టమైతేనే నాకు పంపాలి, మేం మాట్లాడుకున్నాక తీసేయాలి. ప్రిన్సిపాల్‌కి చెప్పి ఒప్పించాం.

ఆమె బస్సులో ఇంటికి వెళ్తూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది. రాత్రి ఫోన్ చేసింది. మొదటిసారి నన్ను మేడమ్ అనలేదు.

"అక్కా, ఊపిరి గూడా పీల్చకుండా మాట్లాడతా ఉండా నేను. ఎందుకట్లా?"

నేను కూర్చుని లెక్కపెట్టాను. పది నిమిషాల్లో ఆమె అడిగిన ప్రశ్నలు 34. వాటిలో 27కి తనే జవాబు చెప్పేసుకుంది. ఐదింటికి క్లాసంతా కలిసి "యెస్ మిస్" అంది. విడిగా ఒక పిల్లో పిల్లాడో నోరు విప్పింది రెండు సార్లు. ప్రశ్నకూ ఆమె జవాబుకూ మధ్య సెకను కూడా లేదు. ఇది రమ ఒక్కదాని లక్షణం కాదు. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్స్ విద్యావేత్త క్లాసుల టేపులు విని కొలిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే జవాబు చెప్పేవాళ్లు పెరిగారు.

అయితే ఆ సెకను ఎందుకు దాటలేకపోతున్నామన్నది ఒక్కొక్కరికి ఒక్కో కారణం. అందుకని రమను అడిగాను, ఆగితే ఏమవుతుంది అని.

చాలాసేపు మాట లేదు. తర్వాత చెప్పింది. "ఆగితే ఎవురైనా ఏదైనా అడుగుతారు. నాకు రాకుంటే?"

అప్పుడు జూన్‌లో జరిగింది చెప్పింది. పెద్ద బడి నుంచి ఫీజు కట్టలేక ఇక్కడికి మారిన ఒక అబ్బాయి ఉన్నాడు. యూట్యూబ్ బాగా చూస్తాడు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు. మొదటి వారంలోనే రమ పాఠం చదువుతూ 'వెజిటేబుల్' అంటే, వాడు లేచి "మిస్, వెజ్‌టబుల్" అన్నాడు. పొగరుగా అన్నది కూడా కాదట. క్లాసంతా నవ్వింది. అంతే. ఆ రోజు నుంచి ఆమె బి సెక్షన్‌లో ఎక్కడా ఆగలేదు. ఆరో తరగతిలో అలాంటి పిల్లాడు లేడు. అక్కడ ఆమె హాయిగా ఆగుతుంది, అడుగుతుంది, పిల్లలతో నవ్వుతుంది.

పరభాషా తరగతిలో విద్యార్థులు పడే భయాన్ని కొలవడానికి భాషాబోధన పరిశోధకురాలు ఇలైన్ హార్విట్జ్, ఆమె సహచరులు 1986లో 33 వాక్యాల ప్రశ్నావళి తయారు చేశారు. పదేళ్ల తర్వాత, 1996లో, అదే హార్విట్జ్ ఆ భాష మాతృభాష కాని టీచర్లకు కూడా ఇదే భయం ఉంటుందని రాసింది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు చెబుతున్న మన టీచర్లకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. కానీ స్టాఫ్ రూములో దీని గురించి ఎవరూ నోరెత్తరు. నాకు ఇంగ్లీషు మీద భయం అని ఇంగ్లీషు టీచర్ ఎవరితో చెప్పుకుంటుంది?

గోలలో ఉన్నది ఏమిటి

ఆ వారం మళ్లీ క్లాసుకి వెళ్లి ఈసారి టీచర్‌ని చూడటం మానేశాను. మూడో బెంచీ, ఐదో బెంచీ పక్కన కూర్చుని గోలను విన్నాను.

"ఏమంటా ఉంది మిస్సు?"

"నలభై మూడో పేజీ తియ్యమంటా ఉంది."

పక్క బెంచీలో "ఏనంతె?" అని కన్నడలో అదే ప్రశ్న. దాని వెనక హిందీలో ఒకమ్మాయి ఒడియా పిల్లకు చెబుతోంది, కింద గీత గీయాలి అని. అల్లరి లేదని కాదు. పెన్ను లాక్కోవడాలు, కాలితో తన్నడాలు ఉన్నాయి. కానీ మూడో వంతు గోల అనువాదం. టీచర్ ఆగకుండా వెళ్లిపోతోంది కాబట్టి, అర్థమైనవాళ్లు అర్థం కానివాళ్లకి చెప్పుకుంటున్నారు. ఆ మాటల వల్ల తర్వాతి వాక్యం వినిపించదు. మళ్లీ అడుగుతారు. రమ గొంతు పెంచుతుంది. గొంతు పెంచేకొద్దీ వీళ్లు కూడా గొంతు పెంచి చెప్పుకుంటారు.

ఆగస్టులో నేను "నాలుగో నిమిషం నుంచి గోల" అని రాసుకున్నది దీన్నే. నేర్చుకోవడానికి పిల్లలు చేస్తున్న ప్రయత్నానికి నేను క్రమశిక్షణ లేకపోవడం అని పేరు పెట్టాను.

పనిచేసినవి

మొదట ఆమె మాట్లాడాల్సిన ఇంగ్లీషు తగ్గించాం. పెంచాలన్న ఆలోచనే అప్పటిదాకా అందరిదీ, ఆమెదీ. పాఠం చెప్పడానికి, పని ఇవ్వడానికి, ఆపడానికి, మళ్లీ మొదలుపెట్టడానికి పదిహేను చిన్న వాక్యాలు రాసుకుంది. నిద్రలో లేపి అడిగినా తప్పు రాని వాక్యాలు. అవే వాడాలి. మిగతాది బోర్డు మీద రాయడం, చూపించడం. ఇలా చేస్తే ఆమె ఇంగ్లీషు ఎదగదని తోటి మెంటర్ ఒకరు అన్నారు. నా ఆలోచన వేరు. ముందు కాళ్ల కింద నేల గట్టిగా ఉండాలి, అప్పుడే ఒక అడుగు బయటికి వేయగలదు.

రెండోది, తెలియనప్పుడు చెప్పే వాక్యం: "లెట్స్ చెక్." దాని కోసం డిక్షనరీ డ్యూటీ పెట్టాం. వారానికి ఇద్దరు. ఉచ్చారణ, అర్థం వెతికి క్లాసుకి చెప్పాలి. మొదటి వారం ఎవరికి ఇవ్వాలన్న దాని మీద ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. ఆ వెజ్‌టబుల్ అబ్బాయికే ఇద్దామన్నాను. రమ ఒప్పుకోలేదు. "నన్ను దించి వాణ్ణి ఎక్కిస్తారా?" అంది. ఆమె మాటలో న్యాయముంది. అందుకని వాడితో పాటు, స్కేలు దెబ్బ తిన్న అబ్బాయిని జతచేయాలని ఆమే నిర్ణయించింది. వాడికి చదవడం కష్టం. కానీ అక్షరాల వరస బాగా తెలుసు, పేజీ వేగంగా తీస్తాడు.

ఆ వారం పాఠంలో ఒక సైనికాధికారి ఉన్నాడు. సి-ఓ-ఎల్-ఓ-ఎన్-ఈ-ఎల్. రమకు నిజంగానే తెలియదు. ఆగింది. నేను వెనక నుంచి చూస్తున్నాను, ఆమె ఎడమ చెయ్యి చీర కుచ్చిళ్లను పట్టుకుని ఉంది. "ఐ యామ్ నాట్ షూర్. లెట్స్ చెక్" అంది. ఎవరూ నవ్వలేదు. కొలొనెల్ అని ఒకరు, కాలనల్ అని ఒకరు. ఇంగ్లీషు బాగా వచ్చిన ఆ అబ్బాయి కూడా కొలొనెల్ అనే అన్నాడు. డిక్షనరీలో చూస్తే 'కర్నల్'. అందులో ర ఎక్కడిది మిస్ అని గదంతా ఒక్కసారిగా అడిగింది. ఆమె ప్రశ్న అడిగి తనే జవాబు చెప్పుకునే గదిలో, మొదటిసారి పిల్లలు ప్రశ్న అడిగారు. దానికీ ఆమెకు జవాబు తెలియదు. అదీ బోర్డు పక్కన రాసిపెట్టింది.

ఆ అబ్బాయి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. పెద్ద బడి నుంచి వచ్చి ఈ గదిలో ఇరుక్కున్న పిల్లాడికి తన ఇంగ్లీషు ఒక్కటే మిగిలిన గౌరవం. దాన్ని తగ్గించాలని మేం అనుకోలేదు. రమ వాడికి పాఠం మొదటి పేరా గట్టిగా చదివే పని ఇచ్చింది. ఆ తర్వాత ఆమె ఉచ్చారణను వాడు లేచి సరిదిద్దడం తగ్గింది. సందేహమొస్తే దగ్గరికొచ్చి చెబుతాడు.

మూడోది, సొంత భాషలో ఒక్క నిమిషం. పని చెప్పాక, బెంచీలో ఒకరికొకరు ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. నిమిషం అయ్యాక ఒకరు ఇంగ్లీషులో తిరిగి చెప్పాలి. ఎలాగూ దొంగచాటుగా జరుగుతున్న దానికి చోటూ సమయమూ ఇచ్చాం, అంతే. దీనికి అడ్డు బడి నియమం. ఆవరణలో ఇంగ్లీషే మాట్లాడాలి. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా, కుదిరితే ఎనిమిది దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోందని ప్రిన్సిపాల్‌కి చూపించాను. తల్లిదండ్రులు ఫీజు కట్టేది ఇంగ్లీషు కోసం మేడమ్ అన్నారాయన. అదీ నిజమే. వాదన పెంచకుండా, ఒక్క పీరియడ్ వచ్చి ఐదో బెంచీ పక్కన కూర్చోండి అని అడిగాను. పావుగంట కూర్చున్నారు. వెళ్తూ, "ఈ ఒక్క సెక్షన్‌కి చూద్దాం" అన్నారు.

నాలుగోదానికి ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ ఫలితం కూడా దాని వల్లే. పాఠం వివరించడం తగ్గించి, చేయాల్సిన పని ఇవ్వడం. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు దక్షిణ భారతంలో మామూలు బడుల్లో ఒక ప్రాజెక్టు నడిపారు. ప్రపంచమంతా దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటుంది. వ్యాకరణ సూత్రాలు చెప్పకుండా, రైళ్ల టైంటేబుళ్లు, మ్యాపులు లాంటివి ఇచ్చి, వాటితో లెక్క తేల్చే పనులు చేయించారు. ముందు టీచర్ క్లాసంతటితో ఒక పని చేయిస్తుంది, తర్వాత అలాంటిదే ఇంకోటి పిల్లలు ఎవరికి వాళ్లు చేస్తారు. ఇందులో నాకు నచ్చింది, గ్రూపులు తప్పనిసరి కాకపోవడం. బెంచీకి నలుగురున్న గదిలో గ్రూపులు చేయడమంటే ఐదు నిమిషాలు బెంచీలు జరపడమే. అప్పటిదాకా నేనూ గ్రూపు పని చేయించమనే చెప్పాను. ఈ గదికి అది కుదరదని ఒప్పుకున్నాను.

రమ తనే ఒక టైంటేబుల్ తయారు చేసింది. కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్, మాలూరు, బంగారపేట, కుప్పం. సమయాలు తను వేసుకున్నవి. సంక్రాంతికి ఊరెళ్లాలి, అమ్మ డ్యూటీ ఇన్నింటికి అయిపోతుంది, ఏ రైలు ఎక్కాలి? ఈ దారి ఆ పిల్లల్లో చాలామందికి ఒంట్లో ఉంది. ఆ రోజూ గోల ఉంది. పక్క క్లాసు టీచర్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కానీ 46 మందిలో నలభై మంది దాకా కాగితం మీద వేళ్లు పెట్టి ఉన్నారు.

ఇక ఆగడం. ప్రశ్న వేశాక వీపు వెనక చేతివేళ్లు ఒక్కొక్కటిగా మడవమన్నాను, ఐదు అయ్యేదాకా మాట్లాడొద్దని. మొదటి వారం మూడో వేలు దాకా కూడా వెళ్లలేకపోయింది. "చెమటలు పడతాయక్కా" అంది. ఇది చెబితే వచ్చేది కాదు. కర్నల్ లాంటి రోజులు నాలుగైదు గడిచాకే వచ్చింది. ఆగినా ప్రమాదమేమీ లేదని ఆమెకు అనుభవంలో తెలియాలి. ఇదే పద్ధతిని నేను ఆగస్టులో ఇచ్చి ఉంటే అది కూడా ఆ చార్టు లాగే ఊడిపోయేది.

ఏం మారింది, ఏం మారలేదు

డిసెంబరు గడువు దాటింది, ఆమె ఉద్యోగం నిలిచింది. డస్టర్ చప్పుడు, బయట నిలబెట్టడం దాదాపు లేవు. మళ్లీ ఎవరినీ కొట్టలేదు. పరీక్షల్లో మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. శుక్రవారం పీటీ తర్వాత వచ్చే చివరి పీరియడ్ మాత్రం ఇప్పటికీ గందరగోళమే, దానికి నా దగ్గర కూడా మందు లేదు. ఆదివారం సాయంత్రం కడుపులో దేవడం తగ్గిందట, పోలేదు. అది పూర్తిగా పోవాలంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమన్నాను. ఇంకా వెళ్లలేదు.

నా పనిలో మారినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు కొత్త బడికి వెళ్తే మొదటి రోజు రెండు క్లాసులు చూస్తాను, టీచర్‌కి కష్టమైనది ఒకటి, హాయిగా ఉండేది ఒకటి. ఆ రెండింటి మధ్య తేడాలోనే సగం జవాబు దొరుకుతోంది. గోల అని రాసుకునే ముందు, ఎవరు ఎవరితో ఏ భాషలో ఏమంటున్నారో వింటాను. స్పోకెన్ కోర్సు అడిగిన టీచర్‌ని, ఆ కోర్సు ఎవరి ముందు మాట్లాడటానికి కావాలి అని అడుగుతాను. చాలామంది ఒక పిల్లాడి గురించో, ఒక పేరెంట్ గురించో చెబుతారు. పని అక్కడి నుంచి మొదలవుతుంది.

ఫిబ్రవరిలో రమ నాకు ఇంకో పది నిమిషాల ఆడియో పంపింది. నేను అడగలేదు. ప్రశ్నలు 11. విడిగా జవాబు చెప్పినవాళ్లు ఆరుగురు. ఏడో నిమిషంలో మళ్లీ ఆ రైళ్ల కాగితం మీద ప్రశ్న వస్తుంది. తర్వాత ఏమీ వినిపించదు, కిర్రుమంటున్న ఫ్యాను తప్ప. నేను కూడా వేళ్లు మడిచాను. ఐదు దాటింది. అప్పుడు ఒక గొంతు.

"మిస్, సిక్స్ ఫార్టీ ట్రెయిన్ గుడ్. బట్ మై మదర్ డ్యూటీ ఫినిష్ సెవెన్."

"ఓకే. దెన్ విచ్ ట్రెయిన్?"

మళ్లీ ఫ్యాను.

"నైన్ టెన్, మిస్. బట్ కుప్పం బస్ నో. నైట్."

వెనక నుంచి ఇంకెవరో తెలుగులో అందుకున్నారు, స్టేషన్ కాడ ఆటోలు ఉంటాయి కదరా అని. రమ గొంతు తొందరపడలేదు.

"టెల్ హిమ్ ఇన్ ఇంగ్లిష్."